ఈసారి బెజవాడలో రైలు మారొద్దు, దిగిపోండి

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. విజయవాడకి ఎన్నిసార్లు వచ్చి ఉంటావురా అని అడిగితే, "అబ్బో, లెక్కలేదన్నయ్యా" అంటాడు. ఏమేం చూశావు అంటే మాత్రం రెండే చెప్తాడు: అమ్మవారి గుడి, ఆరో నంబరు ప్లాట్‌ఫాం. వాడొక్కడే కాదు. వైజాగ్ వెళ్ళినా, మద్రాసు వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా అందరూ "బెజవాడ మీదుగా" వెళ్తారు. ఆ 'మీదుగా' అన్న మాటే మా ఊరికి రావాల్సిన చుట్టాల్ని రాకుండా చేసిందని నా బాధ.

కిందటి చలికాలంలో పట్టుబట్టి వాణ్ణీ, మరదల్నీ, ఇద్దరు పిల్లల్నీ శుక్రవారం రాత్రి దింపించి సోమవారం పొద్దున రైలెక్కించాను. అప్పుడు కుదిరినవీ, బెడిసికొట్టినవీ కలిపి రాస్తున్నాను. మీరు చేసేటప్పుడు రెండో రకం తప్పించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. పొద్దున తిరగండి, సాయంత్రం తిరగండి, పన్నెండు నుంచి నాలుగు దాకా కప్పు కింద ఉండండి. మిగతాదంతా మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నా పర్లేదు, ఇది మాత్రం మార్చకండి. ఈ ఊరి ఎండతో పోటీ పెట్టుకుని గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

1. నెల చూసుకోండి

నవంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. జనవరి మొదటి వారంలో వస్తే పుస్తక మహోత్సవం కూడా తగులుతుంది. ఏటా జరుగుతుంది, పది రోజుల పైనే ఉంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు.

మే నెలలో రావద్దు. "బ్లేజ్‌వాడ" అన్న పేరు ఊరికే రాలేదు. నూజివీడు రసాల కోసం వస్తామంటారా, అది వేరే సంగతి. మామిడిపండు కోసం చెమట కారిస్తే తప్పులేదు.

దసరా పది రోజులూ ఊరు చూడముచ్చటగా ఉంటుంది కానీ అది వీకెండ్ విశ్రాంతి కాదు, తీర్థయాత్ర. మూలా నక్షత్రం నాడు క్యూలైన్లు చూస్తే అర్థమవుతుంది. జనంలో నలగడం మీకు సరదా అయితే తెప్పోత్సవం రోజు పెట్టుకోండి. మామూలుగా ఊరు చూడాలంటే ఆ పది రోజులూ వదిలేయండి.

2. శుక్రవారం రాత్రికే దిగండి

శనివారం పొద్దున బయల్దేరితే సగం రోజు రైల్లోనే పోతుంది, మిగతా సగం ఎండలో. శుక్రవారం ఆఫీసు నుంచి కాస్త ముందే బయటపడండి. హైదరాబాద్ నుంచి శాతవాహన, విశాఖ నుంచి రత్నాచల్, చెన్నై నుంచి పినాకిని, ఈ మూడు ఎక్స్‌ప్రెస్‌లకూ విజయవాడే ఆఖరి స్టేషన్. మధ్యాహ్నమో సాయంత్రమో బయల్దేరి రాత్రికి ఇక్కడికి చేరతాయి. నిద్రపట్టేసినా ఊరు దాటిపోతుందన్న టెన్షన్ ఉండదు. తిరిగి వెళ్ళేటప్పుడు అవే రైళ్ళు తెల్లవారగానే ఇక్కణ్ణుంచే బయల్దేరతాయి. వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడు చూసుకోండి.

రూమ్ విషయంలో నా తప్పు ఒప్పుకోవాలి. నడిచి వెళ్ళొచ్చు కదా అని మావాళ్ళకి స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జిలో బుక్ చేశాను. "దయచేసి వినండి" అన్న అనౌన్స్‌మెంట్ తెల్లవార్లూ మూడు భాషల్లో విన్నారు. పొద్దునకి పిల్లలిద్దరూ రైలు నంబర్లతో సహా ఒప్పజెప్పారు. మీరు గవర్నర్‌పేట లోపలి వీధుల్లో గానీ, బందరు రోడ్డు వైపు గానీ తీసుకోండి. రోడ్డు వైపు కిటికీ లేని గది అడగండి. వ్యూ సంగతి తర్వాత, ముందు నిద్ర ముఖ్యం.

3. శనివారం పొద్దున: బ్యారేజీ, ఉండవల్లి

ఆరింటికల్లా ప్రకాశం బ్యారేజీ మీద ఉండండి. టీ దారిలో తాగొచ్చు.

బ్యారేజీని బస్సు కిటికీలోంచి అందరూ చూసే ఉంటారు. నడిచి చూడటం వేరు. పొడవు ఒక కిలోమీటరు మీద ఇంకో పావు, గేట్లు డెబ్భై. ఒక పక్క నిండుగా, కదలకుండా చెరువులా నీళ్ళు, రెండో పక్క ఇసుక మేటలు, రెల్లు, సన్నటి పాయలు. నది ఒక్కటే, మధ్యలో గోడ కట్టగానే రెండు మొహాలు. కుడీ ఎడమా మార్చి మార్చి చూస్తూ నడవండి.

నడుస్తూ పిల్లలకి చెప్పడానికి కథ కూడా ఉంది. కాటన్ దొర ఆలోచన మేరకు, ఓర్ అనే ఇంజినీరు చేతుల మీదుగా ఇక్కడ మొదటి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాదాపు నూరేళ్ళు పనిచేసి 1952 వరదలో తెగింది. దాని చోట కట్టిందే ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ. 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. డెల్టాలో వరి పండటానికి మూలం ఇక్కడే ఉంది. ఊరి వైపు గట్టున ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ బయల్దేరతాయి. మూడూ ఊరి నడిబొడ్డులోంచే పోతాయి. విజయవాడలో మీరు ఎటు వెళ్ళినా ఓ కాలువ వంతెన దాటక తప్పదు. ఒకప్పుడు ఇవి రోడ్లే. అవతలి గట్టు నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని పడవల్లో మద్రాసు దాకా సరుకు వెళ్ళేది.

2024 సెప్టెంబరు మొదట్లో ఇదే చోట పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద పోయింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. అదే సమయంలో అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ రోజుల గురించి ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. సరదాకి మాత్రం అడగకండి.

బ్యారేజీ దాటితే సీతానగరం. అక్కడ టిఫిన్ చేసి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో ఉండవల్లి గుహలు. తొమ్మిదికి అటూఇటూ వెళ్ళండి, ఎండ ముదరకముందే పైకెక్కొచ్చు. జిల్లా లెక్కల్లో గుంటూరుది, చూడటానికి మాత్రం బెజవాడ మెట్టుకి ఆనుకునే ఉంటుంది. ఎవరిదన్న తగువు మనకెందుకు.

ఉండవల్లిలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కింద నిలబడి నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. కొండని ముందు నుంచి తొలుచుకుంటూ నాలుగు అంతస్తులు చేశారు. క్రీస్తు శకం నాలుగో, అయిదో శతాబ్దం నాటి పని అని, విష్ణుకుండినుల కాలమని చెప్తారు. అసలు చూడాల్సింది పైన ఉంది. శేషపాన్పు మీద పడుకున్న అనంతపద్మనాభస్వామి, నిలువెత్తు మనుషులు ముగ్గురు వరసగా పడుకున్నంత పొడవు, ఆ కొండలోంచే మలిచింది. చీకటి గదిలో కళ్ళు అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. ఫోన్ లైటు వెంటనే వేయకండి. ముందు పాదాలు కనిపిస్తాయి, తర్వాత చెయ్యి, ఆఖర్న మొహం. అలా చూస్తేనే బాగుంటుంది. బయట అరుగు మీద కూర్చున్న రాతి మునులూ, ఎదురుగా పచ్చటి పొలాలూ. మా మరదలు అక్కడ అరగంట కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు.

4. శనివారం మధ్యాహ్నం: భోజనం, కునుకు, మ్యూజియం

పదకొండున్నరకి ఊళ్ళోకి వచ్చేయండి. భోజనానికి ఏ హోటలైనా సరే, ఉలవచారు ఉందో లేదో అడిగి కూర్చోండి. పక్కన మీగడ తప్పకుండా అడగండి. మొదటిసారి తినేవాళ్ళు రసంలా పోసుకుని, ఇంత చిక్కగా ఉందేంటని కంగారు పడతారు. కొంచెమే కలుపుకోవాలి. తిన్నాక నిద్ర దానంతటదే వస్తుంది, రానివ్వండి.

మూడు, మూడున్నరకి బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్ళండి. బయల్దేరే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. పాతవాళ్ళు విక్టోరియా మ్యూజియం అంటేనే గుర్తుపడతారు. విక్టోరియా రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్ళు నిండిన 1887లో పునాది పడిన భవనం. 2020లో బాగుచేసి మన బాపుగారి పేరు పెట్టారు. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడు ఇక్కడే ఉన్నాడు. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సభలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా చూపించింది ఈ ఆవరణలోనే అని చెప్తారు. ఆ 1921లోనే ఊళ్ళో మారుతీ సినిమా హాలు కూడా తెరిచారు, తెలుగునాట తొలి శాశ్వత సినిమా హాళ్ళలో అదొకటి. ఒకే ఏడాదిలో జెండా, సినిమా రెండూ! బెజవాడ మనిషి స్వభావం అప్పుడే ఖాయమైపోయిందని మా నాన్న అనేవారు.

మ్యూజియం నుంచి బయటికొస్తే అదే రోడ్డులో స్వరాజ్ మైదానం. 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం, 125 అడుగులు, దాని కింద 81 అడుగుల పీఠం. మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. ఒకప్పుడు ఈ మైదానంలోనే పుస్తకాల పండగ జరిగేది.

5. శనివారం సాయంత్రం: ఏలూరు రోడ్డు

ఇది ఆదివారానికి వాయిదా వేయకండి. ఆదివారం చాలా షాపులు షట్టర్లు దించేస్తాయి.

తెలుగు పుస్తకాలు అచ్చయ్యే ఊరు అంటే ఒకప్పుడు బెజవాడే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, గైడ్లు, డిటెక్టివ్ నవలలు, పంచాంగాలు అన్నీ ఇక్కడి ప్రెస్సుల్లోంచే వచ్చేవి. ఆ వాసన ఇంకా ఏలూరు రోడ్డులో ఉంది. విశాలాంధ్ర, ప్రజాశక్తి లాంటి పుస్తకాల షాపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు, బందరు రోడ్డుకేమో మహాత్మాగాంధీ పేరు. ఆటో ఆయనకి ఈ రెండు పేర్లూ చెప్పకండి, ఎక్కడికో తీసుకుపోతాడు.

నడుచుకుంటూ లెనిన్ సెంటర్‌కి వెళ్ళండి. పక్కన పాత పుస్తకాల కొట్లు. నేను చదువుకునే రోజుల్లో ఇక్కడ సగం ధరకి కొన్న పుస్తకాలు పరీక్షలయ్యాక పావు ధరకి ఇక్కడే అమ్మాను. ఇప్పుడు పోటీ పరీక్షల మెటీరియల్ ఎక్కువ, కథలు, నవలలు తక్కువ. అయినా అడుగు వరసలో వెతికితే దొరుకుతాయి. పైన పెట్టినవి అమ్మకానికి, కింద ఉన్నవి మన అదృష్టానికి. బేరం ఆడొచ్చు. అయితే పుస్తకం చేతిలోకి తీసుకోగానే మొహంలో సంతోషం చూపించారో, ధర తగ్గదు.

అక్కణ్ణుంచి బీసెంట్ రోడ్డు రెండు అడుగులు. క్లిప్పుల నుంచి చీరల దాకా రోడ్డు మీదే దొరుకుతాయి. ఆకలేస్తే బండి మీద పునుగులు, అల్లం చట్నీ. బండి ఎలా ఎంచుకోవాలంటే, నూనెలోంచి తీసిన వాయి తీసినట్టే అయిపోతుండాలి. పళ్ళెంలో గుట్టగా పోసి ఉంటే ముందుకెళ్ళండి.

గుడికి వెళ్ళాలంటే ఇదే రాత్రి, దర్శనం వేళలు కనుక్కుని వెళ్ళండి. ఆదివారం పొద్దున మాత్రం పెట్టుకోకండి, రాష్ట్రమంతా అప్పుడే వస్తుంది. చెప్పులు రూమ్‌లోనో ఆటోలోనో వదిలేస్తే తర్వాత వెతుక్కునే పని తప్పుతుంది. కొండ దిగువన అక్కన్న మాదన్న గుహలున్నాయి. పేరు తానీషా మంత్రులది, గుహలు మాత్రం వాళ్ళకంటే ఎన్నో వందల ఏళ్ళు పాతవి. నన్నయ కంటే ముందే తెలుగు పద్యం చెక్కిన యుద్ధమల్లుడి శాసనం కూడా ఈ ఊరిదే.

6. ఆదివారం పొద్దున: కొండపల్లి

ముందు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్. ఇడ్లీ మీద వెన్నముద్ద పెట్టి ఇస్తారు. 1942 నుంచీ ఉన్న హోటల్, ఆదివారం రద్దీగా ఉంటుంది కాబట్టి ఏడింటికే వెళ్ళండి.

కొండపల్లి ఇరవై కిలోమీటర్ల లోపే. బస్సులున్నాయి, ఆటో మాట్లాడుకోవచ్చు. ఆటో అయితే ముందు ఫోన్‌లో యాప్ తెరిచి రేటు చూసి, ఆ పైన బేరం మొదలుపెట్టండి. మా వాడు చూడకుండా ఎక్కి, దిగేటప్పుడు గొడవపడ్డాడు. వెయిటింగ్‌కి ఎంత అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ముందు కోట. రెడ్డిరాజుల కాలం నాటిది, తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, ఇంగ్లీషువాళ్ళు అందరి చేతులూ మారింది. కొండ మీద గాలి బాగుంటుంది. గంట చాలు.

బొమ్మల దగ్గర మాత్రం తొందరపడకండి. రోడ్డు పక్క షాపులో కొనేసి వెనక్కి రాకుండా, బొమ్మల కాలనీ లోపలికి వెళ్ళండి. అరుగుల మీద కూర్చుని పనిచేస్తుంటారు. కాస్త పక్కన నిలబడి అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

కర్ర పేరు తెల్ల పొణికి. చేతిలోకి తీసుకుంటే తూకమే ఉండదు. బాగా ఆరబెట్టి, తల వేరుగా, చేతులు వేరుగా, తొండం వేరుగా చెక్కుతారు. తర్వాత చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్ని 'మక్కు' అంటారు. మక్కుతోనే ఒంపులు తీర్చి, తెల్లటి పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. మా తమ్ముడి కూతురు ఏనుగు అంబారీ కొనాలని వెళ్ళింది. మావటి తల అతకని బొమ్మ ఒకటి చూసి అదే కావాలని పేచీ పెట్టింది. "అతికాక ఇస్తానమ్మా" అని ఆయన పాప ముందే మక్కు పెట్టి, సాయంత్రందాకా కదపొద్దని చెప్పి ఇచ్చాడు. దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇవీ. నున్నగా, గుండ్రంగా, లక్క మెరుపుతో ఉన్న బొమ్మ చూపించి కొండపల్లిది అంటే నమ్మకండి. అది ఏటికొప్పాక పద్ధతి, అంకుడు కర్రతో చేస్తారు. అదీ మంచిదే, కానీ పేరు వేరు. కొండపల్లి బొమ్మలో అతుకులు ఉంటాయి, బొమ్మ తేలిగ్గా ఉంటుంది, రెండు బొమ్మల మొహాలు ఒకేలా ఉండవు. అతుకు దగ్గర పగులుందేమో వేలితో తడిమి చూడండి. బేరం మరీ కటువుగా ఆడకండి. పొణికి చెట్టు పెరగడానికి ఏళ్ళు పడుతుంది, కర్ర దొరకడమే వాళ్ళకి కష్టంగా ఉంది. ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడవకండి, పొడిగుడ్డ చాలు. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఏడాదికి ఒక్కటి చొప్పున కొంటే మళ్ళీ రావడానికి వంక కూడా దొరుకుతుంది. మా ఇంట్లో అలా పెళ్ళి సెట్టు పూర్తి కావడానికి ఆరేళ్ళు పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం. పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు కాలువలో వచ్చి కృష్ణలో కలిసే చోటు. వరద కాలంలో మోటార్లు ఆడుతున్నప్పుడు వెళ్తేనే ఆ కలయిక కనిపిస్తుంది. చలికాలంలో వెళ్తే మామూలు ఘాటే, దారిలోంచే దండం పెట్టి వచ్చేయండి.

7. ఆదివారం సాయంత్రం: గాంధీ కొండ

భవానీ ద్వీపం బోటు పిల్లలు మారాం చేస్తే పెట్టుకోండి. గేట్లెత్తే రోజుల్లో బోట్లు ఆపేస్తారు. నన్నడిగితే ఆ టైము గాంధీ కొండకి ఇవ్వండి.

స్టేషన్ పక్కనే ఉన్న కొండ ఇది. పైన 52 అడుగుల గాంధీ స్థూపం ఉంది. 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. అంతకు ముందు ఈ కొండకి ఓర్ హిల్ అని పేరు, ఆనకట్ట కట్టిన ఆ ఓర్ పేరే. సూర్యాస్తమయానికి అరగంట ముందు పైకి చేరండి. పొద్దున నడిచిన బ్యారేజీ వైపు ఎర్రటి వెలుగు, కింద వన్‌టౌన్ డాబాలు, ఇటు కొండ పక్కనే పట్టాలు దువ్విన జడపాయల్లా.

మావాడు పిట్టగోడ పట్టుకుని చాలాసేపు ప్లాట్‌ఫాంలు లెక్కపెట్టాడు. "అన్నయ్యా, అదేగా ఆరు?" అన్నాడు. అటు చివరి నుంచి లెక్కపెడుతున్నావురా అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాడు.

చీకటి పడ్డాక దిగి, రూమ్ బిల్లు రాత్రికే కట్టేయండి. తెల్లవారుజామున కౌంటర్ దగ్గర ఎవరూ లేవరు. పెరుగన్నం పొట్లాలు కూడా రాత్రే తెచ్చి పెట్టుకోండి, ఆరు గంటల రైలుకి ఏ టిఫినూ అందదు. బొమ్మల డబ్బా పైన సామాన్ల అరలో కాదు, ఒళ్ళోనే.